బిడ్డల చదువు: కంప్యూటరుపైఁ దొలి యుత్తరము

బిడ్డకుఁ గంప్యూటరుపై వ్రాఁత నేర్పునపుడు పెక్కిండ్లలో నక్షరముల రంగులు, రూపములు మార్చుటతో నారంభింతురు. అది గోడ లేవక మున్నే వెల్లవేయఁ జూచుట వంటిది. ముందుగా బిడ్డచే నమ్మమ్మ కొక యుత్తరము వ్రాయింపుఁడని మేము చెప్పుదుము. చదువువారు కలరని తెలిసిననే వ్రాయ నుత్సాహము గలుగును.

ఇందులకు వెల లేక లభించు లిబ్రేఆఫీస్ రైటరు చాలును. కంప్యూటరు సెట్టింగులలోఁ దెలుఁగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డును జేర్చుకొనుఁడు. అందు అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులు చాలవఱకుఁ గుడిచేతికిని వచ్చును. “అమ్మ” యని వ్రాయుటకు అ, మ, పొల్లు, మ వరుసగా నొక్కవలయును. అ కొఱకు మాత్రము షిఫ్టు మీటను గూడఁ బట్టవలయును. పొల్లు పిదప మ నొక్కఁగానే యది తనంతఁ దానే యొత్తుగా మాఱును. ఒత్తు పుట్టుక బిడ్డ కన్నులారఁ జూచును. ఇంగ్లీషు లిపిలోనే తెలుఁగు వ్రాయ నలవాటుపడిన బిడ్డకు ఈ యెఱుక కలుగదు; క్రమముగా మన లిపియే దూరము కాఁగలదు.

తప్పు పడినచోఁ బెద్దలు చేయి సాఁచి దిద్దరాదు. కంట్రోలుతో జెడ్ మీట నొక్కినచోఁ జేసిన మార్పు వెనుకకుఁ బోవునని చూపుఁడు, భయము తీఱును. ప్రతి పేరా చివరను కంట్రోలుతో ఎస్ నొక్కి భద్రపఱచుట యలవాటు చేయుఁడు. లేకున్నఁ గరెంటు పోయినపుడు శ్రమ వ్యర్థము కావచ్చును.

ఉత్తరమును అచ్చు తీసి, చిన్న తప్పులున్నను అట్లే పంపుఁడు. జవాబు వచ్చిననాఁడు రెండవ పాఠమును బిడ్డయే యడుగును.