కింది తాడు మీది అక్షరాలు

గత షాబాన్ మాసంలో మా మదర్సా వార్షిక జల్సా జరిగినప్పుడు, పై తరగతుల విద్యార్థులు రాసిన ఖత్తాతీ పత్రాలను వరండాలో ప్రదర్శించాము. వారంతా 14 నుండి 17 ఏళ్ళ బాలురు. ఏడాది పొడవునా గురువారం మధ్యాహ్నాలు రెల్లు కలం చెక్కుకొని, దవాత్ ముందు పెట్టుకొని, మోకాలిపై అట్ట ఆనించి రాసినవి అవి. ఉదయం మక్తబ్‌కు వచ్చే ఐదారేళ్ళ పసివారు వాటిని చూచి రాతపై మక్కువ పెంచుకోవాలన్నది మా సంకల్పం. సంకల్పం మంచిదే. ఏర్పాటు మాత్రం పసివారి కోసం చేసినది కాదని జొహర్ నమాజు వేళకే మాకు అర్థమైంది.

అన్నిటికంటే చక్కని పత్రాలను ఏరి, అద్దాల చట్రాలు కట్టించి, అతిథుల కంటికి ఎదురుగా గోడకు వేలాడదీశాము. అతిథులు నిలబడి మాషా అల్లాహ్ అన్నారు, ఫోనులతో ఫొటోలు తీసుకున్నారు. పిల్లలు ఆ చట్రాల కింది నుండి దూరి షర్బత్ దగ్గరికి పరుగెత్తారు. ఒక్కడు మాత్రం ఆగాడు. ఆగినది చట్రం దగ్గర కాదు, కిటికీ గట్టు దగ్గర. ఒక పెద్ద విద్యార్థి తన మష్ఖ్ కాగితాలను అక్కడ మరచిపోయాడు. నూన్ అనే ఒక్క అక్షరాన్నే నలభై సార్లకు పైగా రాసి ఉన్నాడు. కొన్ని వంకర, కొన్ని సిరా ముద్దలు, కొన్నిటి పక్కన మేము ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులు.

"హజ్రత్, ఇది కూడా భయ్యానే రాశాడా?" అని అడిగాడు ఆ పసివాడు. అవునన్నాము. "మరి ఇంత వంకరగా ఉందేం?" అన్నాడు. మొదట అందరికీ అలాగే వస్తుందని చెప్పాము. వాడు కాగితం వంక చూచాడు, గోడ మీద అదే విద్యార్థి రాసిన చట్రం వంక చూచాడు, మళ్ళీ కాగితం వంక చూచాడు. తర్వాత కలం కావాలన్నాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ కాగితాలు రాసిన విద్యార్థి హిఫ్జ్‌లో వెనుకబడినవాడు. ఉపాధ్యాయులమంతా కూర్చున్నప్పుడు అతని ప్రస్తావన ఫిర్యాదుగా తప్ప వచ్చేది కాదు. అతని తండ్రి కూడా, వీడిని దుకాణంలో కూర్చోబెడితే మేలు కదా అని మమ్మల్ని రెండుసార్లు అడిగి ఉన్నారు. అటువంటి కుర్రవాడి వెంట ఆ సాయంత్రమంతా ఒక ఆరేళ్ళవాడు కలం కోసం తిరుగుతూనే ఉన్నాడు.

అంతకు కొన్ని నెలల ముందు పిల్లలను హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్ళాము. 13వ శతాబ్దపు బాగ్దాద్ ఖత్తాత్ యాఖూత్ ముస్తాసిమీ చేతిరాత ఖుర్ఆన్ ప్రతి అక్కడ భద్రంగా ఉంది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు చక్రవర్తుల చేవ్రాళ్ళున్న ప్రతి అది. పెద్ద విద్యార్థులకు దాని గొప్పతనాన్ని వివరిస్తుంటే మా గొంతు గాద్గద్యమైంది. చిన్నవారు మాత్రం ఎప్పుడెప్పుడు గడియారం గంట కొట్టే బొమ్మను చూద్దామా అని తొందరపడ్డారు. ఆనాడు వారిని కొంచెం కోప్పడ్డాము కూడా. అది తగని కోపమని ఇప్పుడనిపిస్తోంది. పసివాడికి యాఖూత్ అందని వాడు. నిన్న తనతో గోలీలాడిన భయ్యా అందేవాడు. ఆ భయ్యా చేయి కూడా ఒకప్పుడు వణికిందని కళ్ళారా చూస్తేనే వాడికి తన చేయి మీద నమ్మకం కలుగుతుంది.

రాత నేర్పేవారికి ఈ విద్యలోనే ఒక వెసులుబాటు ఉంది. అక్షరానికి కొలత చుక్క. ఏటవాలుగా కోసిన కలాన్ని కాగితంపై అద్ది లాగితే పలకలు తేరిన చుక్క పడుతుంది. నస్తాలీఖ్ రాతలో అలిఫ్ ఎత్తు అటువంటి మూడు చుక్కలు. 10వ శతాబ్దంలో బాగ్దాద్ వజీరుగా ఉన్న ఇబ్నె ముఖ్లా అక్షరాలకు ఈ చుక్కల కొలతను క్రమబద్ధం చేశారని ఖత్తాతులు చెప్పుకుంటారు. చదవడం రాని పిల్లవాడికి కూడా మూడు లెక్కపెట్టడం వస్తుంది. కనుక ఏ అలిఫ్ పొట్టిదో, ఏది పొడుగుదో వాడే పట్టేస్తాడు.

ఈ ఏడు మష్ఖ్ కాగితాలనే ప్రదర్శించాలని, అవి పసివారి కంటికి అందే ఎత్తులో ఉండాలని నిశ్చయించాము. వెంటనే ఒక సహోపాధ్యాయులు అడ్డు చెప్పారు. ఖుర్ఆన్ వాక్యాలను, అల్లాహ్ నామాన్ని మోకాలి ఎత్తులో ఎలా కడతారని వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే. పవిత్ర వాక్యాల పట్ల మర్యాదను పిల్లల సౌకర్యం కోసం పక్కన పెట్టలేము. అందుకని రెండు తాళ్ళు కట్టాము. వాక్యాలున్న పత్రాలన్నీ పై తాడుకు, విడి అక్షరాలు, రేఖాచిత్రాలు కింది తాడుకు. అడ్డు చెప్పినవారే తాడు కొలిచి కట్టారు.

కింది తాడుకు బాలికల విభాగం నుండి నక్షత్రపు నమూనాలు వచ్చాయి. వృత్తం గీసి, వృత్తలేఖిని కాళ్ళ ఎడం మార్చకుండా అంచు వెంట అడుగులు వేయిస్తే సరిగ్గా ఆరు అడుగులకు మొదలుపెట్టిన చోటికే వస్తుంది. ఆ ఆరు బిందువులను ఒకటి విడిచి ఒకటి కలిపితే ఆరు కోణాల నక్షత్రం ఏర్పడుతుంది. రంగులు వేసిన తర్వాత పెన్సిలు గీతలు చెరిపివేయవద్దని ఆ అమ్మాయిలను కోరాము. చెరపకపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేము. ఒక చిన్నారి ఇంటికి వెళ్ళి అమ్మీ గాజులు నేల మీద పరిచిందట. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, ఒకదానికొకటి తగిలేలా. ఏడోది ఎందుకు పట్టదని వాళ్ళ అమ్మీని అడిగితే, ఆమె ఆ ప్రశ్నను మా దగ్గరికి పంపారు.

ఈ ముచ్చట్లు రాస్తుంటే పాత సంగతి ఒకటి మనసులో మెదులుతోంది. మేము కొత్తగా ఉపాధ్యాయ వృత్తిలో చేరిన రోజులలో ఒక బాలుడి నోటు పుస్తకంలో మేక బొమ్మ కనిపించింది. ప్రాణుల బొమ్మల విషయంలో మేము చదివిన ఫిఖ్హ్ తీర్పు స్పష్టం. ఆ తీర్పుపై మా అభిప్రాయం నేటికీ మారలేదు. కాని ఆనాడు అందరి ముందు ఆ పుటను చింపివేశాము. ఆ మేక ఎంతో చక్కగా ఉంది, గడ్డం వెంట్రుకలతో సహా. ఆ బాలుడు మరి కొన్ని రోజులు వచ్చి మానేశాడు.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు బొమ్మలు వేసి బతికే ఒక వ్యక్తి వచ్చిన ఉదంతం సహీ బుఖారీలో ఉంది. వారు అతనికి నిషేధాన్ని తెలిపారు. దానితో ఆగక, బొమ్మలు వేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను వేసుకోమని దారి కూడా చూపారు. మేము ఆ ఉదంతాన్ని అప్పటికే చదివి ఉన్నాము. అందులో సగమే ఆచరించాము. ఆ బాలుడి చేతికి ఒక చెట్టును అందించి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన మమ్మల్ని ఇప్పటికీ వదలడం లేదు.

ఖత్తాతీ అన్నం పెడుతుందా అని తండ్రులు అడుగుతారు. కంప్యూటరు వచ్చాక చేతిరాతతో బతకడం కష్టమైందని మేమూ ఒప్పుకుంటాము. హైదరాబాదు ఛత్తా బజారులో పెండ్లి పత్రికలు రాసిన కాతిబులకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. కాబట్టి ఉపాధి ఆశ చూపి ఎవరినీ ఈ విద్యలోకి పిలవలేదు.

నూన్ రాసిన ఆ విద్యార్థి ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు. వచ్చే ఏడు సంగతి అతని తండ్రి ఇంకా తేల్చలేదు. ఎర్ర గుర్తులున్న కాగితాన్ని తాడుకు కడతామంటే మొదట అతడు సిగ్గుపడి ఒప్పుకోలేదు. చివరికి తలవంచుకొనే ఒక షరతు పెట్టాడు: "హజ్రత్, మీ మష్ఖ్ కూడా కట్టండి."

మేము చదువుకునే రోజుల నాటి కాగితాలు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దొరికాయి. మా ఉస్తాద్ గారు మాకంటే కఠినులు, వారి ఎర్ర సిరా ఇంకా వెలిసిపోలేదు. రెండు కాగితాలూ కింది తాడుకు పక్కపక్కనే ఉన్నాయి. మక్తబ్ పిల్లలు రోజూ వచ్చి గుర్తులు లెక్కపెట్టి వెళుతున్నారు. వాడికి తొమ్మిదట, మాకు పద్నాలుగట.