గట్టుదారియు హక్కును

పొరుగువాని పొలముగట్టుమీదుగా కొన్నియేండ్లు నడచినంతమాత్రమున ఆ గట్టుపై మనకు హక్కు కలుగునా? నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్టరైతునకు దీని యుత్తరమును వకీలు చెప్పనక్కరలేదు. బాహాటముగా, హక్కుగా, అడ్డులేక 20 ఏండ్లు నడచినగాని 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టము నడకను హక్కుగా నంగీకరింపదు. పొలమువాని దయచే నడచిన నడక యెన్నియేండ్లదైనను అనుజ్ఞయే. ముళ్లకంప పడిననాడు నిలిచిపోవలసినదే. నేడీ వివాదము పొలమును విడిచి చేతిలోని ఫోనులోనికి వచ్చినది.

మన పట్టణములలో మిర్చి వర్తకుడు ధరను, ట్యూషను మాష్టరు సెలవును వాట్సాపులోనే తెలుపుచున్నారు. వందలమందికి ఒక్కమారు వార్త పంపుటకును, వచ్చిన ప్రశ్నకు దానంతట బదులిచ్చుటకును ప్రోగ్రాములు వ్రాసియిచ్చు యువకులు బయలుదేరినారు. ఇందులకు రెండు దారులు కలవు. మొదటిది 2018 ఆగస్టులో ఆ సంస్థ వర్తకులకై తెరచిన అధికారిక ద్వారము. దానినే ఏపీఐ యందురు. అందు సందేశముల మాదిరులకు ముందుగా ఆమోదము పొందవలయును, రుసుము చెల్లింపవలయును. 2025 జూలై 1 నుండి ఈ రుసుము సందేశమునకింత యని లెక్కింపబడుచున్నది. రెండవది గట్టుదారి. కంప్యూటరుపై తెరచుకొను వాట్సాపు వెబ్బును మనిషి వాడుచున్నట్లే ప్రోగ్రాముచేత నడిపించుట. ఇందుకు వలయు సరంజామా ఉచితముగా దొరకును. సంస్థ దీనిని అనుమతింపదనియు, నెంబరు నిలిచిపోవచ్చుననియు ఆ సరంజామాను రచించినవారే హెచ్చరించుచున్నారు.

చౌకయని ఈ దారి పట్టువారు కలరు. సంస్థ తెరవెనుక నేదో సవరించినంతనే ప్రోగ్రాము కూలును. యంత్రము పని యని పసిగట్టినచో నెంబరే మూతపడును. యంత్రముచే గుంపుగా సందేశములు పంపువారిపై 2019 డిసెంబరు 7 మొదలు చట్టరీత్యా చర్యకు దిగెదమని సంస్థ బహిరంగముగా ప్రకటించినది. నెంబరు పోయిన వర్తకునకు ఖాతాదారుల జాడ తప్పును. ప్రోగ్రాము వ్రాసిన యువకునకు మాట దక్కదు.

ఇది క్రొత్త కథ కాదు. వార్తలను ఒకచోట చేర్చి చూపిన గూగుల్ రీడరునకు గూగుల్ సంస్థ అధికారిక ఏపీఐ నెన్నడును ప్రకటింపలేదు. ఐనను దాని లోపలి మార్గమును కనిపెట్టి యెందరో తమ ప్రోగ్రాములను దానిపై కట్టిరి. 2013 మార్చి 13న ప్రకటించి, జూలై 1న ఆ సేవను మూసివేసిరి. ఆ మూడున్నర నెలల గడువులో ఫీడ్‌లీ సొంత యేర్పాటు కట్టుకొని నిలిచినది. ఆ పని చేయలేనివారు మూతవేసికొనిరి.

గడువునకు గల విలువ ఇందు స్పష్టము. సంస్థ ఆస్తి సంస్థదే. మోసపు సందేశముల వెల్లువ నరికట్టుట యవసరమే. దానిని మేము కాదనము. కాని అనుజ్ఞను రద్దుచేసినపుడు వెడలిపోవుటకును, సామాను తీసికొనిపోవుటకును తగిన గడువుండవలెనని ఆ ఈజ్‌మెంట్ల చట్టమే 63వ సెక్షనులో శాసించుచున్నది. అనుమతి లేక చొచ్చిన ప్రోగ్రామునకు ఈ సెక్షను వర్తింపదని మే మెరుగుదుము. ఐనను ఏమియు నెరుగక నెంబరును నమ్ముకొన్న వర్తకుడు ఇందలి ధర్మమును కోరుట అన్యాయము కాదు. ముందు హెచ్చరిక, విన్నపమునకు చెవి, చిన్న వర్తకునకు భరింపదగిన రుసుము: ఈ మూడును సంస్థ కల్పించిన నాడు గట్టు తొక్కువారు తామే తగ్గుదురు.

ప్రభుత్వమునకును ఇందు బాధ్యత కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మెటా సంస్థతో ఒప్పందము చేసికొని, 2025 జనవరి 30న మన మిత్ర పేర 161 సేవలను వాట్సాపున ప్రారంభించినది. ప్రజలకు మేలే. కాని ప్రజల పత్రములకు త్రోవ ఒక కంపెనీ పెరటిగుండ మాత్రమే యుండరాదు. ప్రభుత్వ సేవలు బహిరంగ ఏపీఐల ద్వారా అందవలెనని కేంద్రము 2015లోనే విధానము ప్రకటించినది. 2021లో కోవిన్ టీకాల ఏపీఐని అందరికిని తెరువగా, ఖాళీలను తెలుపు ప్రోగ్రాములను ఎందరో యువకులు వ్రాసిరి. తాకిడి హెచ్చినపుడు 5 నిమిషములకు 100 విన్నపములని పరిమితి పెట్టిరి. పరిమితి కఠినమే, కాని వ్రాతలో నున్నది. రాజమార్గమునకు కొలతలుండుట దోషము కాదు.

ఇక మన యువకులకొక మాట. ఏ దారిన కట్టుచున్నారో సొమ్మిచ్చువానికి ముందే చెప్పుడు. ఖాతాదారుల చిరునామాలను వర్తకుని సొంత పుస్తకములో వేరుగ నుంచుడు. ఒక ద్వారము మూసిన మరొకదానికి మరలునట్లు ప్రోగ్రామును వ్రాయుడు. గట్టుదారిని రాజమార్గమని చెప్పి అమ్మినచో, కంప పడిననాడు నష్టపోవునది విదేశపు సంస్థ కాదు. మీ మాట నమ్మిన మన మిర్చి వర్తకుడే.