కుట్లు వేసే ముందు వెన్నుపామును చూడండి

గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడ నిండా ఇనుప మిల్లులు. పక్కనే పగలూ రాత్రీ లారీలు ఆగని 16వ నంబరు జాతీయ రహదారి. మిల్లులో కూలీ ఎత్తు మీంచి పడి నడుం విరిగినా, లారీ గుద్ది మెడ విరిగినా, 108 అంబులెన్స్ దారి మద్రాసు వైపే. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో తెచ్చిన ‘ఇన్నుయిర్ కాప్పోం’ పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు తొలి 48 గంటల చికిత్సకు సర్కారే డబ్బు కడుతోంది. మంచి పని. మరి ఆ డబ్బుతో చేసిన ఆపరేషన్ పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

వెన్నుపామును ఎముక ముక్కో, గడ్డకట్టిన నెత్తురో, జారిన డిస్కో నొక్కుతుంటే, ఆ ఒత్తిడి తీసేయడానికే ఆపరేషన్. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు 24 గంటల్లోపు ఒత్తిడి తీస్తే కోలుకునే అవకాశం పెరుగుతుందని 313 మందితో సాగి 2012లో అచ్చయిన స్టాసిస్ అధ్యయనం చెప్పింది. అంత పరుగెత్తి తీసుకెళ్లి, సగం ఒత్తిడి లోపలే ఉంచి కుట్లు వేస్తే ఏం లాభం? థియేటర్లో వాడే సీ-ఆర్మ్ ఎక్స్‌రే స్క్రూలు సరిగ్గా దిగాయో లేదో చూపిస్తుంది. వెన్నుపామును చూపించదు.

అల్ట్రాసౌండ్ చూపిస్తుంది. దాని తరంగాలకు ఎముక అడ్డం. వెనకవైపు ఎముక తొలగించాక ఆ అడ్డు ఎలాగూ పోతుంది. గాయంలో సెలైన్ నింపి, స్టెరైల్ తొడుగు వేసిన ప్రోబు ముంచితే చాలు: బూడిదరంగు వెన్నుపాము, దాని నడుమ తెల్లటి గీత, చుట్టూ నల్లటి నీటి పట్టీ. ఆ పట్టీ ఎక్కడైనా మాయమైతే, అక్కడ ఇంకా ఏదో నొక్కుతోంది, లేదా వెన్నుపామే వాచి ఇరుక్కుంది. వెన్నుపాముకు ముందువైపు దాక్కున్న ఎముక ముక్క ఎంత అనుభవమున్న సర్జన్ కంటికీ ఆనదు. చికాగోలో డోర్మన్, రూబిన్ ఈ పద్ధతిని 1982లోనే ప్రకటించారు. 40 ఏళ్లు దాటినా ఇది సర్జన్ ఇష్టాయిష్టాల మీద నడవడమేమిటి?

యంత్రం ఖరీదంటారా? కాన్పుల వార్డుకు కొన్నది థియేటర్‌కు కొనలేరా? చట్టం అడ్డమంటారా? 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం యంత్రాన్ని రిజిస్టర్ చేయించమంటుంది. ఆడపిల్లల ప్రాణాలకు ఆ కట్టుదిట్టం ఉండాల్సిందే. వెన్నుపాము చూడొద్దని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. కాగితాలు నింపండి, యంత్రం తెప్పించండి.

చచ్చిన నరాన్ని అల్ట్రాసౌండ్ బతికించదు. కాళ్లు వస్తాయని నేను ఎవరికీ ఆశ పెట్టను. కానీ తీయగలిగిన ఒత్తిడిని చూడకుండా వదిలేసే హక్కు ఎవరికీ లేదు. వెనకనుంచి తెరిచిన ప్రతి వెన్నుపాము గాయంలోనూ కుట్లకు ముందు ప్రోబు పెట్టాలి. ఆ బొమ్మ కేసు షీటులో ఉండాలి. బిల్లు చెల్లించే ముందు సర్కారు ఆ బొమ్మ అడగాలి. కూలివాడి వెన్నుపాము విషయంలో ‘అయిపోయిందనుకున్నాం’ అనే మాట చెల్లదు.