ఏడో రోజు తర్వాత ఎవరొస్తారు?

గని పని గురించి బైబిల్లో ఒక అధ్యాయమే ఉందంటే సింగరేణి కార్మికులు ఆశ్చర్యపోవచ్చు. జనసంచారానికి దూరంగా నేలను తొలిచి, తాళ్లకు వేలాడుతూ, చీకట్లోంచి రాళ్లు వెలికితీసే మనుషులు యోబు గ్రంథం 28వ అధ్యాయంలో కనిపిస్తారు. అదే గ్రంథం రెండో అధ్యాయంలో ఒక పరామర్శ ఉంది. పిల్లలందరినీ పోగొట్టుకున్న యోబు పక్కన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి ఆ మనిషికే తప్పు అంటగట్టారు.

గోదావరిఖనికి ఈ రెండు అధ్యాయాలూ దగ్గరివే. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న 8ఏ గనిలో పైకప్పు కూలి మరో పది మంది బలయ్యారు. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టు పేలుడులో నలుగురు కాంట్రాక్టు కార్మికులు, 2022 మార్చిలో అడ్రియాల గనిలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

అమెరికా వంటి దేశాల్లో అంత్యక్రియలు జరిపించే సంస్థలే కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా కుటుంబాన్ని కనిపెట్టుకుని ఉంటాయి. ఏడాదికోసారి, చాలాచోట్ల క్రిస్మస్ ముందు, ఆ ఏడు ఆప్తులను పోగొట్టుకున్న వారందరినీ పిలిచి, పోయినవారి పేర్లు చదివి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. అది వారి వ్యాపారంలో భాగమే అనుకున్నా, పిలిచేవారంటూ ఒకరున్నారు. మన కాలనీల్లో ఆ సంస్థలు లేవు. పెట్టె తేవడం, గుంట తవ్వించడం, వంట చేసి పెట్టడం ఇరుగుపొరుగు, తోటి కార్మికులు, సంఘస్తులు పంచుకుంటారు. భూస్థాపన, ఆ తర్వాత ఆదరణ కూడిక. అంతవరకూ ఎవరూ లోటు చేయరు.

అయితే ఆ ఆదరణ కూడిక తీరే మారిపోయింది. షామియానా, ఫ్లెక్సీ, వేదిక నిండా అతిథులు, వందలమందికి భోజనాలు. ఏడ్వాల్సిన ఇల్లాలు వడ్డనలు చూసుకోవాలి. మర్నాడు షామియానా వాడికి డబ్బు కట్టాలి. అప్పు తెచ్చి మరీ ఆదరణ పొందడమేమిటో! ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో జరుపుకునే ఆరాధన ఎంతో నయం. అక్కడ ఎవరి ఖర్చూ లేకుండా దుఃఖమున్న ఇళ్లన్నీ ఒకచోట చేరతాయి.

అమెరికాలోనే వెస్ట్ వర్జీనియాలో మనలాంటి బొగ్గు ఊరొకటి ఉంది. 1907 డిసెంబరు 6న మోనంగా గని పేలుడులో 360 మందికి పైగా చనిపోయారు. వందలాది పిల్లలు తండ్రిలేనివారయ్యారు. దగ్గర్లోని ఫెయిర్‌మాంట్‌లో గ్రేస్ గోల్డెన్ క్లేటన్ అనే ఆమె తన కాపరిని అడిగితే, 1908 జూలై 5న అక్కడి మెథడిస్టు చర్చిలో తండ్రుల జ్ఞాపకార్థం ఆరాధన జరిగింది. తొలి ఫాదర్స్ డే ఆరాధన ఇదేనంటారు. కానీ మరుసటి ఏడు దాన్ని ఎవరూ జరపలేదు. ఆ పండుగ దేశమంతటా పాకింది వేరే ఊరి నుంచి. ఆ పిల్లలకు మాత్రం రెండో ఏడు కూడా తండ్రి లేడు.

ఇక్కడా దెబ్బ తగిలేది రెండో ఏటనే. పర్మినెంట్ కార్మికుడు పోతే అర్హులైన వారసులకు ఉద్యోగం దక్కే ఏర్పాటుంది. కాంట్రాక్టు కార్మికుని ఇంటికి ఆ హక్కు లేదు. నాయకుల పరామర్శ, పత్రికల్లో ఫొటో, ఎక్స్‌గ్రేషియా ముగిశాక పిల్లల ఫీజులు, ఇంటి అద్దె మిగులుతాయి. ఆ ఇల్లాలు ఆలయంలో వెనుక వరుసలోకి జరుగుతుంది. కొన్నాళ్లకు అదీ మానేస్తుంది. ఆమె ఏదో మొక్కుబడి తప్పిందనీ, విశ్వాసం చాలలేదనీ అనేవారు కూడా దొరుకుతారు. యోబు స్నేహితులకు వారసులు తక్కువేమీ కాదు.

నాయీనులో ఒక్కగానొక్క కొడుకును పాడెమీద మోసుకుపోతుంటే, ఎవరూ పిలవకుండానే యేసు ఆ విధవరాలి దగ్గరకు వెళ్లాడు. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాళ్లు ఆమె కుట్టి ఇచ్చిన బట్టలు చూపించి ఏడ్చారు. ఆమె బతికినన్నాళ్లూ ఆ ఇళ్లను మరువలేదన్నమాట.

ప్రతి ఆదివారం ఆరాధనలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు చదివి ప్రార్థిస్తాం. అదే రిజిస్టరులో గనిలో పోయినవారి తేదీలు కూడా రాసి పెట్టుకోవచ్చు, కాంట్రాక్టు కార్మికులవి ముందుగా. ఆ తేదీకి ముందు వారమే ఇద్దరు స్త్రీలు ఆ ఇంటికి వెళ్లి, పిల్లల బడి ఎలా సాగుతోందో కనుక్కుని, టీ తాగి రావచ్చు.