శిక్షాభయము - అపాయజ్ఞానము

ఘోరమైన నేరము బయటపడినప్పుడెల్ల దేశమున ఒకే కేక వినవచ్చును: గుండె లదరునట్టి శిక్ష కావలెను. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణము వెనుక, 2013లో శిక్షాస్మృతి సవరింపబడెను. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు హత్యకు గురియైన పిదప, డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించెను. గట్టి సాక్ష్యమున్న అత్యాచారపు కేసులలో 21 పనిదినములలోపల తీర్పు, మరణదండన అందలి ముఖ్యాంశములు.

ఇట్టి ప్రయత్నము లన్నిటి పునాదిలో ఒక నమ్మిక కలదు. మానవుడు రాబోవు ఆపదను ముందుగా గుర్తించును; గుర్తించి భయపడును; భయపడి చేయి వెనుకకు తీయును. ఈ మూడు మెట్లలో ఏ యొక్కటి విరిగినను శిక్షాభయము పనిచేయదు. అట్లు విరిగినవారు కొందరు కలరు. ఏ మెట్టు విరిగినదన్నదే శాస్త్రజ్ఞులు ఎనుబదేండ్లుగా విచారించుచున్న ప్రశ్న.

పత్రికలలోను, చలనచిత్రములలోను ‘సైకో’ అను మాట నేడు మితిమీరి వాడబడుచున్నది. మతి చలించినవాడును, పగబట్టిన హంతకుడును, తుదకు ముక్కోపియైన పొరుగువాడును ఆ మాటకే గురియగుచున్నారు. శాస్త్రజ్ఞులు చెప్పు సైకోపతి వేరు. ఆ లక్షణము గలవాడు భ్రాంతులలో బ్రదుకువాడు కాడు. మాటనేర్పరి, పరుల బాధ పట్టనివాడు, పశ్చాత్తాప మెరుగనివాడు. అమెరికా వైద్యుడు హెర్వే క్లెక్లీ 1941లో వెలువరించిన తన గ్రంథమునకు ‘మతిస్థిమితపు ముసుగు’ అను అర్థము వచ్చునట్టి పేరు పెట్టుట ఇందువలననే. అట్టివారికి భయాందోళనలు తక్కువయని ఆయన అప్పుడే గమనించెను.

దానిని పరీక్షకు నిలిపినవాడు మిన్నెసోటాకు చెందిన డేవిడ్ లిక్కెన్. ఆయన 1957లో ప్రకటించిన ప్రయోగమున 20 మజిలీల చిక్కుదారి యొకటి కలదు. ప్రతి మజిలీలోను నాలుగు మీటలు. ఒకటి సరియైనది, తప్పు మీటలలో ఒకదానిని నొక్కినచో విద్యుద్ఘాతము తగులును. దారి నేర్చుకొనుటలో సైకోపతి లక్షణములు గలవారు ఇతరులకు తీసిపోలేదు. కాని ఘాతమిచ్చు మీటను తప్పించుకొనుట యను రెండవ పాఠము, ఎవరును నోటితో చెప్పని పాఠము, వారికి సరిగా పట్టువడలేదు. వారికి భయమే కొరవడినదను సిద్ధాంతము దీనితో బలపడెను.

అయితే 1970లో ష్మాక్ అను పరిశోధకుడు విద్యుద్ఘాతమునకు బదులు డబ్బు కోత పెట్టి చూచెను. అప్పుడు అట్టివారే తప్పు మీటను చక్కగా తప్పించుకొనిరి. తమకు విలువయైన దానికి నష్టము వచ్చునప్పుడు వారును నేర్చుకొందురన్నమాట.

మరి వెలితి భయమున నున్నదా, చూపున నున్నదా? అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు జోసెఫ్ న్యూమన్ బృందము 2010లో ప్రకటించిన ప్రయోగము ఈ ప్రశ్నకు కొంత వెలుగునిచ్చెను. ఖైదీల యెదుట తెరపై రంగురంగుల అక్షరములు చూపిరి. ఒక రంగు కనబడినచో విద్యుద్ఘాతము రావచ్చును. రంగునే గమనింపుడని చెప్పినప్పుడు, సైకోపతి గలవారును ఇతరులవలెనే ఉలికిపడిరి. దృష్టిని వేరొక పనిపై నిలుపుమన్నప్పుడు మాత్రము వారి ఉలికిపాటు తగ్గిపోయెను.

2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు హోపెన్‌బ్రౌవర్స్ మొదలగువారు అంతవరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి రెండు విషయములను విడదీసిరి. అపాయమును గుర్తించి దేహము స్పందించుట ఒకటి. భయమును మనస్సు అనుభవించుట మరియొకటి. సైకోపతిలో మొదటిది కుంటువడినదనుటకు ఆధారములు కలవు; రెండవది లేదనుటకు ఆధారములు బలహీనములు.

త్రాటిని చూచి పామని భ్రమించుట మన వేదాంతములో ప్రసిద్ధమైన దృష్టాంతము. ఇచ్చట కథ తలక్రిందైనది. త్రోవలో నిజముగనే పామున్నది. బాటసారి చూపు మాత్రము ఆవలి గట్టున నున్న మామిడిపండుపై నిలిచిపోయినది. పామును చూపినచో అతని గుండెయు ఝల్లుమనవచ్చును. కాని అతడు దానిని తనంతట చూడడు.

దీనివలన శిక్షలు వలదని తేలదు. కారాగారములలో సైతము అధికసంఖ్యాకులు ఈ కోవకు చెందినవారు కారు. పైగా అపాయము గుర్తింపకపోవుట నేరమునకు క్షమాపణ కానేరదు. తేలునది వేరొకటి. నేరము చేయు క్షణమున కంటబడని శిక్ష, కాగితముపై ఎంత కఠినమైనదైనను, అట్టివానికి లేనట్టిదే. ఉరికంబమును మరింత ఎత్తుగా నాటినంత మాత్రమున అది అతని చూపులో పడదు.

ఉపాధ్యాయులు దీనినుండి గ్రహింపదగిన దొకటి కలదు. 2009 విద్యాహక్కు చట్టపు 17వ విభాగము బడిలో దేహశిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. అయినను బెత్తము లేనిదే చదువు రాదను మాట ఇంకను వినబడుచునే యున్నది. అమెరికాలో అయోవాకు చెందిన గ్రాజీనా కొహాన్‌స్కా 1997లో ప్రకటించిన పరిశోధనలో, బెదురు గల పిల్లలకు తల్లి మృదువైన మందలింపు మనస్సాక్షిని పెంచెను. జంకులేని పిల్లలకు అది చాలలేదు. వారిలో మనస్సాక్షిని పెంచినది గద్దింపు కాదు, తల్లితోడి ఆప్యాయబంధము.

జంకులేని ప్రతి బాలుడును సైకోపతి గలవాడు కాడు. ఆ ముద్రను పిల్లలపై వేయుట అన్యాయము. కాని దెబ్బకు లొంగని పిల్లవానికి మరి నాలుగు దెబ్బలు వేయుట, చూడనివానికి దీపమును చూపక కేకలు వేయుట వంటిది. అట్టివాని చేయి పట్టుకొని, త్రోవలోని పామును చూపి, దాటింపవలయును. తరగతిలో నలుబదిమంది యున్నచోట అది కష్టసాధ్యమే. అయినను బెత్తము ఆ పని చేయజాలదు.