ఉప్పునీళ్ళ తొట్టికి ఎండదెబ్బ

పోయిన నెల కూలరు గడ్డి మార్చుకునే సంగతి రాసిన. అది చదివి ఇద్దరు ముగ్గురు, "మామా, మీ ఇంట్ల సముద్రం చేపలున్నయట గద, షోలాపూర్ ఎండలకు అవి ఎట్ల బతుకుతున్నయి?" అని అడిగిండ్రు. ఈ నెల అదే రాస్తున్న. ఇందుల నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. అది గూడ దాచకుండ రాస్త.

మా మనుమడు పుణెల చేపల దుకాణంల పని చేస్తడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఉప్పునీళ్ళ తొట్టి అగ్గువకు అమ్మితే కొన్నడు. ఆడ నలుగురు పిల్లలు ఒక్క గదిల ఉంటరు, పెట్ట జాగా లేదు. అందుకని మా ఇంటికి తెచ్చిండు. రెండడుగుల పొడుగు, 60 లీటర్ల నీళ్ళు పడుతయి. తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు రెండు, వాటిని క్లౌన్ చేపలంటరు. ఎర్ర చారల రొయ్య ఒకటి. ఆ రొయ్యను పిల్లగాడు జీతంల మిగిల్చి మిగిల్చి కొన్నడు. నీళ్ళు సముద్రం నుంచి తెచ్చినవి కావు. ఆర్‌ఓ నీళ్ళల్ల లీటరుకు 35 గ్రాముల లెక్కన చేపల ఉప్పు కలుపుతరు. కూరల వేసే ఉప్పు పనికిరాదు.

మాది పత్రాల ఇల్లు. ఏప్రిల్, మే నెలల్ల బయట 40 దాటుతది. మధ్యాహ్నం పత్రాల కింద కూసుంటే నెత్తి మీద పెనం పెట్టినట్టు ఉంటది. ఈ చేపలకు నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీలు ఉంటే హాయి. 30 దాటి చాలా సేపు ఉంటే కష్టం. నీళ్ళు వేడెక్కితే అందుల కలిసి ఉండే గాలి తగ్గిపోతది, చేపకేమో అప్పుడే ఎక్కువ గాలి కావాలె. అందుకే పైకొచ్చి నోరు తెరుస్తది. ఏప్రిల్ మొదటి వారంల మా తొట్టి 32 చూపెట్టింది.

నీళ్ళను చల్లపరిచే మిషను ఉంటదట, చిల్లర్ అంటరు. దాని ధర తొట్టి కంటె, చేపల కంటె ఎక్కువ. కరెంటు బిల్లు వేరే. అది మనతోని కాదు. మనుమడు ఒక చిన్న టేబుల్ ఫ్యాను పెట్టి, గాలి నీళ్ళ మీద ఏటవాలుగ తగిలేటట్టు తిప్పిండు. రాత్రికి 28కి దిగింది.

అది చూసి నాకు మిల్లు యాదికొచ్చింది. మా సాచా ఖాతాల గోడకు రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉండేటివి. ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్ళల్ల ముంచేటోళ్ళు. తడి గుడ్డది ఎప్పుడూ తక్కువ చూపిస్తుండె. రెంటికీ తేడా ఎక్కువైతే గాలి పొడిగున్నట్టు, నూలు పటపట తెగుతదని అర్థం. అప్పుడు గాలిలకు నీళ్ళ తుంపర వదిలేటోళ్ళు. ఆ తడి నూలు కోసమే గాని మా కోసం కాదు. మాకు చెమట ఆరక బనీన్లు ఒంటికి అంటుకపోయేటివి.

తొట్టి ముంగట ఫ్యాను చేసే పని ఆ తడి గుడ్డ పనే. రంజన్‌ల నీళ్ళు చల్లపడేది గూడ ఇట్లనే. నీళ్ళు ఆవిరై పోతూ పోతూ వేడిని ఎత్తుక పోతయి. లెక్క ప్రకారం ఒక్క లీటరు ఆవిరైతే 60 లీటర్ల తొట్టిల దాదాపు 10 డిగ్రీల వేడి పోతది. కాని గది వేడి మళ్ళ మళ్ళ లోపలికి వస్తనే ఉంటది కాబట్టి, మనకు మిగిలేది మూడు నాలుగు డిగ్రీలే. చేపకు అది చాలు.

ఇప్పుడు నా తప్పు చెప్త. పిల్లగాడు పనికి పోతూ, "తాతా, నీళ్ళు తగ్గితే ఆర్‌ఓ నీళ్ళు పొయ్యి" అన్నడు. రోజుకు లీటరు పైన తగ్గుతున్నది. సముద్రం చేపకు చప్పటి నీళ్ళు పోస్తే ఎట్లరా అని, పక్కన బకెట్ల ఉప్పు కలిపి పెట్టిన నీళ్ళు ఉంటే అవే పోసిన. పది రోజులు అట్లనే పోసిన. ఫ్యాను తిరుగుతున్నది, వేడి 28 దగ్గరనే ఉన్నది, అంతా మంచిగున్నదనుకున్న. పదకొండో రోజు పొద్దున చూస్తే రొయ్య పక్కకు ఒరిగి ఉన్నది. చేపలు గస పోస్తున్నయి.

మా ఇంటామె బీడీల చాట పక్కకు పెట్టి వచ్చింది. సంగతి విని, "చారు ఎక్కువ మసిలితే ఉప్పయితది. అప్పుడు ఉప్పేస్తమా, నీళ్ళు పోస్తమా?" అన్నది. నా నోట మాట రాలేదు. ఆవిరయ్యేది నీళ్ళు ఒక్కటే, ఉప్పు తొట్టిలనే ఉండిపోతది. నేను రోజూ దాని మీద ఇంక ముప్పై నలభై గ్రాములు వేస్తూ పోయిన.

పిల్లగాడికి ఫోన్ చేసిన. తిడతడనుకున్న, తిట్టలేదు. "ఒక్కసారే మార్చకు తాతా, చేపలు తట్టుకోవు. చెంబెడు ఉప్పునీళ్ళు తీసెయ్యి, చెంబెడు ఆర్‌ఓ నీళ్ళు పొయ్యి, కొన్ని గంటలు ఆగి మళ్ళ చెయ్యి" అన్నడు. రెండు రోజులు అదే పని. ఉప్పు కొలిచే సాధనం మీద ముల్లు 1.025కి వచ్చినంక చేపలు తేరుకున్నయి. రొయ్య మాత్రం పాయె.

మీ ఇండ్లల్ల ఇట్లాంటి తొట్టి ఉంటే ఇవి చెయ్యండి. పడమటి గోడకు, కిటికీ ఎండకు దూరంగ పెట్టండి. పత్రాల మీద తెల్ల సున్నం కొట్టండి, మనుషులకు గూడ పనికొస్తది. పైన అద్దం మూత తీసి దోమతెర గుడ్డ కట్టండి. మూత ఉంటే ఆవిరి పోదు, ఏమీ లేకుంటే చేప ఎగిరి బయట పడతది. లైటు పగటి పూట బంద్ పెట్టి సాయంత్రం వెయ్యండి. నీళ్ళ మట్టం దగ్గర అద్దం మీద గీత గీసి, పొద్దున, సాయంత్రం గీత దాక ఆర్‌ఓ నీళ్ళే పొయ్యండి. మేత తగ్గించండి. ఫ్యాను వైరు ప్లగ్గు కంటె కిందికి వేలాడేటట్టు ఉంచండి, తడి జారినా ప్లగ్గుల పడదు.

కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచే గాలి పంపు పెట్టండి. మూత గట్టిగ బిగించిన సీసాల నీళ్ళు గడ్డ కట్టించి తొట్టిల తేలేయండి. గంటకు ఒక డిగ్రీ కంటె ఎక్కువ దించొద్దు. ఉత్త ఐసు ముక్కలు మాత్రం వెయ్యొద్దు, నల్లా నీళ్ళ మందు చేపకు పడదు.

భివండి, ముంబై, యానాం దిక్కున్నోళ్ళకు ఇంకో మాట. మీ దగ్గర గాలిల తడి ఎక్కువ. ఆ తడి గుడ్డ థర్మామీటరు ఎంత చూపిస్తదో, అంతకంటె కిందికి ఫ్యాను దించలేదు. కిటికీలు మూసి కూలరు పెట్టినా గదిల తడి పెరిగి ఫ్యాను పని తగ్గుతది. కిటికీ తెరిచే ఉంచండి.

కొత్తగ కొనాలనుకునే పిల్లలు ముందు ఒక వారం మే నెలల ఉత్త నీళ్ళ తొట్టి పెట్టి, ఫ్యాను వేసి వేడి చూడండి. 28 లోపల నిలవకుంటే చేపను తేవద్దు. ప్రాణంతోని పరీక్ష చేయొద్దు, నేను చేసి చూసిన.

మొన్న పిల్లగాడు వచ్చిపోయిండు. పోయేటప్పుడు ఆర్‌ఓ నీళ్ళ డబ్బా మీద "తాత" అని, ఉప్పునీళ్ళ బకెట్ మీద "ముట్టొద్దు" అని రాసి పోయిండు. నేను గీత దాక పోస్తున్న. చేపలు రెండూ బాగున్నయి.