బడి మీటింగు రోజున మన చేలో ఎవరున్నారు?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల బడికి వెళ్ళారు. మన వైపు బడుల్లోనూ షామియానాలు వేశారు, తల్లుల చేత ముగ్గులు వేయించారు, పిల్లలతో కలిపి భోజనాలు పెట్టారు. మంచి పనే. కానీ నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో డిసెంబరు మొదటి వారమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊళ్ళో చెయ్యి ఆడగలిగిన ఆడమనిషి అంతా పత్తి చేలోనే ఉంటుంది.

ఆ రోజు నా చేలో పదకొండు మంది పత్తి తీశారు. సాయంత్రం కాటా వేసేటప్పుడు తెలిసింది, అందులో ఒకామె మా ఊరి బడి కమిటీ సభ్యురాలని.

"ఏమ్మా, మీటింగుకు పోలేదేం?" అన్నాను.

"పోతే ఈ రోజు కూలి ఎవరిత్తారు బాబాయ్? మజ్జాన్నం రావాలన్నా ఆటో మళ్ళీ నాకోసం తిరిగి రాదుగా" అంది.

తరవాత 2025 జూలై 10న మళ్ళీ అలాంటి సమావేశమే జరిగింది. గురువారం. పత్తిలో కలుపు తీసే రోజులు. ఈసారి ఆమె వెళ్ళిందో లేదో నేను అడగలేదు. నా చేలో అయితే లేదు, వేరొకరి చేలో ఉండి ఉంటుంది.

ఈ మాట రైతు సంఘం పత్రికలో ఎందుకు అంటారేమో. మన సంఘంలో బడి గురించి మాట్లాడినప్పుడల్లా ఫీజుల దగ్గరే ఆగిపోతున్నాం. కార్పొరేట్ కాలేజీ ఫీజు, పసుపు బస్సు ఛార్జీ రైతు అప్పులో ఎంత భాగమో అందరం లెక్క వేసుకుంటాం. అది నిజమైన బాధే. అయితే మన పిల్లలు ఆ బస్సు ఎక్కి నందిగామకో, కంచికచర్లకో, బెజవాడకో వెళ్ళిన రోజునే ఊరి బడితో మన లావాదేవీ తెగిపోయింది. ఆ బడిలో ఇప్పుడు చదివేది ఎక్కువగా కూలి కుటుంబాల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు. చట్టం ప్రకారం కమిటీలో ఉండేది కూడా వాళ్ళ అమ్మానాన్నలే.

ఆ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1997లో మనకు నీటి సంఘాల చట్టం వచ్చింది, గుర్తుంది కదా. మరుసటి ఏడే, 1998లో, బడి నిర్వహణలో ఊరికి పాత్ర ఇస్తూ ఇంకో చట్టం వచ్చింది. విద్యా కమిటీ అన్న మాట మన ఊళ్ళలో బాగా వాడుకలోకి వచ్చింది అప్పుడే. ఆ తరవాత కేంద్రం చేసిన 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో బడి యాజమాన్య కమిటీకి కొలత చాలా స్పష్టంగా ఉంది: సభ్యుల్లో ముప్పాతిక మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే కావాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు కావాలి, బలహీన వర్గాల వాళ్ళకు వాళ్ళ పిల్లల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేదీ, వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూసేదీ ఆ కమిటీయే. 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పనుల డబ్బు కూడా తల్లిదండ్రుల కమిటీల ద్వారానే నడిచింది.

నీటి సంఘం ఎప్పుడు పని చేస్తుందో సాగర్ ఎడమ కాలువ చివరి భూముల వాళ్ళం మనకు తెలుసు. అధ్యక్షుడు లాకుల దగ్గరికి పోయి నిలబడితేనే నీళ్ళు కిందికి వస్తాయి. ఇంట్లో కూర్చుని సంతకం పెడితే పై వాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. బడి కమిటీదీ అదే పరిస్థితి. కాకపోతే ఆ కమిటీ సభ్యురాలు వెళ్ళి నిలబడాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. ఆ రోజు ఎవరి చేతిలో ఉంది? మన చేతిలోనే. మనం ఆ బడిలో తల్లిదండ్రులం కాకపోవచ్చు. ఆ తల్లిదండ్రుల రోజును కొనుక్కునేది మాత్రం మనమే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కిందటి ఫిబ్రవరిలో మిరప కోతకు వచ్చిన ముఠాలో ఒకామె వెంట పదకొండేళ్ళ పిల్ల వచ్చింది. ఆరో తరగతి. అది కాయ కోయలేదు. గట్టు మీద వేప చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, ఏడాది నిండని తమ్ముణ్ణి ఊపుతూ కూర్చుంది. వరసగా తొమ్మిది రోజులు వచ్చింది. నా కూలీల లెక్కలో దాని పేరు లేదు కాబట్టి నేను పిల్లల చేత పని చేయించలేదని సరిపెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం, వాళ్ళమ్మ క్యారేజీ విప్పుతుంటే, "ఈయాల మా బళ్ళో గుడ్డమ్మా" అంది. ఎవర్నీ నిందించినట్టు కూడా అనలేదు. ఊరికే చెప్పింది.

ఆ పిల్ల బడి ఎందుకు మానిందో విచారిస్తే తల్లికి చదువంటే లెక్కలేక కాదు. ఆటో ఆరున్నరకే బయలుదేరుతుంది. బడి గంట తొమ్మిదికి. మూడేళ్ళు నిండిన పిల్లలకైతే అంగన్‌వాడీ ఉంది, అదీ తొమ్మిది ప్రాంతానికే తెరుస్తారు. చంకలో బిడ్డను ఎక్కడ దించాలి? ఇంట్లో ముసలమ్మ లేకపోతే పెద్ద కూతురే ఆ ముసలమ్మ అవుతుంది. మాస్టారు ఎన్నిసార్లు ఇంటికి వచ్చి బతిమాలినా ఈ చిక్కు విడదు, ఎందుకంటే చిక్కు ఉన్నది ఆయన బడిలో కాదు, మన కోత వేళల్లో.

ఉపాధి హామీ చట్టంలో దీనికి ఒక దారి రాశారు. పనికి వచ్చిన ఆడవాళ్ళ వెంట చిన్న పిల్లలు అయిదుగురు ఉంటే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలన్నారు. ఉపాధి పనుల్లో అది ఎంత మాత్రం అమలైందో చూసిన వాళ్ళకు తెలుసు, నవ్వుకోండి. కానీ ఆలోచన మంచిది, దాన్ని మన చేలల్లోకి తెచ్చుకోవడానికి ఏ జీవో అక్కర్లేదు. గట్టు గట్టు కలిసిన నలుగురైదుగురు రైతులు కలిస్తే ఒక పెద్దావిడ కూలి ఎంత బరువు?

ధరల సంగతి ఎత్తుతారని తెలుసు. 2025 ఫిబ్రవరిలో మిర్చి పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించినప్పుడు మనమంతా అది పెట్టుబడికే చాలదని గొంతు చించుకున్నాం. "మాకే దిక్కు లేదు, కూలీల పిల్లల బాధ్యత కూడా మాదేనా" అని మొన్న మీటింగులో ఒకాయన గట్టిగానే అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఒప్పుకోలేదు. మనం సి2 ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర ఇమ్మని అడుగుతున్నాం, అంటే సేద్యానికి అయ్యే అసలు ఖర్చంతా లెక్కలోకి రావాలని కదా మన వాదన. ఆ పదకొండేళ్ళ పిల్ల తొమ్మిది రోజులు ఏ లెక్కలోకి వచ్చాయి? మన ఖర్చు తగ్గినట్టు కనిపించేది ఆమె దగ్గర తీసుకున్నందువల్లే.

ఇది కుదరదనే వాళ్ళకు పక్కనే ఒక ఉదాహరణ ఉంది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి పిల్లల్ని పని మాన్పించి బడిలో వేయించింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పల్లెల్లో పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాముల్లో కొందరు తరవాత పిల్లల హక్కుల కమిటీల్లో చేరి, పక్క ఆసామికి నచ్చచెప్పారు. మాస్టార్లు చెబితే వినని వాళ్ళు సాటి రైతు చెబితే విన్నారు.

పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఏ పనిలోనూ ఉండకూడదని 2016లో సవరించిన చట్టం చెబుతోంది. బడి అయ్యాకో, సెలవుల్లోనో సొంత కుటుంబానికి చేసే సాయానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. కానీ తనిఖీకి భయపడి పిల్లల్ని పత్తి మోపుల వెనక దాచే రైతుగా బతకడం మనకు గౌరవం కాదు. ఇంకొకటి, కోతలకు దూరం నుంచి వచ్చి పొలాల పక్కన గుడారాల్లో దిగే కుటుంబాలు ఉంటాయి. వయసు కాగితం లేదని, ఏడాది మధ్యలో వచ్చారని ఆ పిల్లల్ని చేర్చుకోకుండా ఉండే హక్కు బడికి లేదు. ఈ సంగతి వాళ్ళకు తెలియదు. వాళ్ళను తీసుకొచ్చిన మనం చెప్పాలి, మొదటి రోజు బడి దాకా వెంట వెళ్ళాలి.

సమావేశాల తేదీల మీద సంఘం తరఫున మండల విద్యాధికారులకు అర్జీ పెడదామని నా ప్రతిపాదన. పత్తి తీత, మిరప కోత ముమ్మరంగా ఉన్న నెలల్లో కమిటీ మీటింగు సాయంత్రం ఆరు తరవాత పెట్టమందాం. పగలే పెట్టక తప్పకపోతే, ఆ పూట కమిటీ సభ్యుల కూలి కోయకుండా మనమే ఇద్దాం. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దూరపు హైస్కూళ్ళకు తరలించినప్పుడు చాలా ఊళ్ళలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు, 2025లో ఆ జీవో పోయింది. ఆ రోజుల్లో బడి ముందు కూర్చున్న తల్లుల వెంట మనలో ఎంతమందిమి ఉన్నామో ఎవరికి వారు గుర్తు చేసుకోవాలి.

ఈసారి సంక్రాంతి తరవాత మొదటి మిరప కోతకు మేస్త్రితో ఇప్పుడే మాట్లాడుకున్నాను. చంటిపిల్లల్ని చూసుకోవడానికి మా వీధిలో ఒక పెద్దావిడ ఒప్పుకుంది. గట్టు పక్క రైతులు ఇద్దరు ఆమె కూలిలో వాటా ఇస్తామన్నారు. మూడో ఆయన ఇంకా తేల్చలేదు, పత్తి ధర చూసి చెబుతానన్నాడు.